బోధన ఆన్‌లైన్‌కు మారుతున్నప్పుడు అధ్యాపకుల పక్కన ఎలా నిలబడాలి?

ప్రశ్న: నేను ఒక విశ్వవిద్యాలయంలోని బోధనా సహాయ విభాగంలో పనిచేస్తున్నాను. వచ్చే సెమిస్టర్ నుంచి కొన్ని కోర్సులను పూర్తిగా ఆన్‌లైన్‌లో నడపాలని యాజమాన్యం నిర్ణయించింది. అందుకు అధ్యాపకులను సిద్ధం చేసే బాధ్యతను నాకూ, మరొక సహోద్యోగికీ అప్పగించారు. పాఠాలను, క్విజ్‌లను ఆన్‌లైన్‌లో ఉంచి నడిపే మూడిల్ అనే సాఫ్ట్‌వేర్ వాడకం మీద, వీడియో తరగతుల నిర్వహణ మీద శిక్షణ తరగతులు పెట్టాము. మొదటి రోజు హాలు నిండింది. చివరి రోజుకు పట్టుమని పదిమంది లేరు. వచ్చినవారిలో కొందరు పాత పీపీటీలను, గంటసేపు సాగే రికార్డింగులను ఎక్కించి పని అయిపోయిందంటున్నారు. మరికొందరు పెన్‌డ్రైవ్ చేతికిచ్చి "మీరే పెట్టేయండి" అంటున్నారు. త్వరలో పదవీ విరమణ చేయబోయే ఒక సీనియర్ ప్రొఫెసర్ గారు "నా సబ్జెక్టు తెరమీద చెప్పేది కాదు" అని తేల్చేశారు. ఆయనను చూసి మిగతావారూ వెనకాడుతున్నారు. మేము ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: శిక్షణ తరగతులు విఫలమయ్యాయని మీరు బాధపడుతున్నట్టున్నారు. నాకు అలా అనిపించడం లేదు. ఏ మీట ఎక్కడుందో చెప్పడానికి ఆ తరగతులు పనికొస్తాయి, అంతవరకు పనికొచ్చాయి కూడా. రసాయనశాస్త్రం చెప్పేవారూ, చరిత్ర చెప్పేవారూ ఒకే హాలులో కూర్చుని క్విజ్ ఎలా తయారుచేయాలో నేర్చుకున్నారు. కానీ తమ కోర్సులో ఏ వారం, దేనికోసం క్విజ్ పెట్టాలన్నది అక్కడ ఎవరూ వారితో మాట్లాడలేదు, అంతమంది మధ్య మాట్లాడడం కుదిరేది కూడా కాదు. ఇక మీరు చేయవలసిన పని అధ్యాపకుల గదుల్లో ఉంది. ఒక్కొక్కరి పక్కన కూర్చుని, వారి కోర్సులోని ఏదో ఒక్క వారం పాఠాన్ని ముందు పెట్టుకుని, దానిని మొదటినుంచి చివరిదాకా వారితో కలిసి కట్టడం మీరు ఇవ్వగలిగిన అసలైన సాయమని నా అభిప్రాయం.

ఇది నిదానంగా సాగే పని. 2020 మార్చిలో తరగతులన్నీ ఉన్నట్టుండి తెరమీదికి మారినప్పుడు చార్లెస్ హాడ్జెస్, మరి నలుగురు పరిశోధకులు కలిసి ఒక వ్యాసం రాశారు. ఆపద్ధర్మంగా జరిగే అలాంటి దూరబోధనను, ముందునుంచీ ఆలోచించి రూపొందించిన ఆన్‌లైన్ కోర్సును ఒకే గాటన కట్టవద్దని వారు అందులో హెచ్చరించారు. రూపొందించిన కోర్సుకు సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలల సన్నాహం పడుతుందని, రెండోసారో మూడోసారో నడిపేటప్పటికి గాని అధ్యాపకులకు చేయి తిరగదని కూడా రాశారు. దూరవిద్యలో పేరుపొందిన బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ 1969లో ఏర్పడి, 1971 జనవరిలో బోధన మొదలుపెట్టింది. అక్కడ ఒక కోర్సు భారాన్ని ఒక్క ప్రొఫెసర్ మీద వేయలేదు. సబ్జెక్టు నిపుణులు, సంపాదకులు, బీబీసీ నిర్మాతలు కలిసిన ఒక కోర్సు బృందం దానిని తయారుచేసేది. మీ అధ్యాపకులను ఆ బృందం చేసే పనంతా ఒంటరిగా, అదీ ఉన్న తరగతుల భారం తగ్గకుండానే చేయమంటున్నారు. వారు వెనకాడడంలో వింతేముంది? ఆ లేని బృందంలో ఇప్పుడు ఉన్నది మీరిద్దరే.

మొదటిసారి కలిసినప్పుడు కంప్యూటర్ తెరవకండి. మూడు సంగతులు అడిగి, చెప్పింది రాసుకోండి. ఈ కోర్సు చదవని విద్యార్థికి చేతకాని ఏ పనిని, దీనిని పూర్తిచేసిన విద్యార్థి చేయగలగాలి? సెమిస్టర్‌లో ఏ వారం దగ్గర ఎక్కువమంది తడబడతారు? తరగతిలో పాఠం చెబుతూ, పిల్లల ముఖాలు చూసి మీరు దారి మార్చుకునేది ఎప్పుడు? మొదటి ప్రశ్నకు చాలామంది సిలబస్‌లోని అధ్యాయాల పేర్లు చెబుతారు. ఓపికగా మళ్లీ అడగండి. గణాంకశాస్త్రం చెప్పేవారు "సంభావ్యత" అని ఊరుకుంటే చాలదు. "పత్రికలో వచ్చిన ఒక సర్వే ఫలితాన్ని చూసి, దానిని ఎంతవరకు నమ్మవచ్చో కారణాలతో చెప్పగలగాలి" అన్నప్పుడు మీ ఇద్దరి చేతికీ ఒక పట్టు దొరుకుతుంది. అప్పుడు ఆ వారం అభ్యాసం ఏమిటో, అసైన్‌మెంట్ ఏమిటో, ఎంత వివరణ చాలునో వాటంతట అవే తేలుతాయి.

మూడో ప్రశ్న మీద మాత్రం ఎంత సమయమైనా పెట్టండి. అనుభవజ్ఞులైన అధ్యాపకుల భయానికి మూలం చాలాసార్లు అక్కడే ఉంటుంది. వారి నైపుణ్యంలో సగం నోట్సులో ఉండదు. మూడో వరుసలో కలం ఆగిపోవడం చూసి ఉదాహరణ మార్చడం, నిశ్శబ్దాన్ని బట్టి అర్థమైందో విసుగొచ్చిందో పోల్చుకోవడం వంటివన్నీ ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న విద్యలు. తెరముందు కూర్చోగానే అవన్నీ ఒక్కసారిగా చేజారినట్టు అనిపిస్తుంది, అది వారి భ్రమ కూడా కాదు. ఆ చూపుకు బదులు ఏమిస్తారన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండాలి. ప్రత్యక్ష తరగతికి ముందురోజు రాత్రిలోగా విద్యార్థులు పూర్తిచేయవలసిన మూడు ప్రశ్నల చిన్న క్విజ్ ఒక జవాబు. ఎవరు ఎక్కడ తప్పుతున్నారో పొద్దున్నే చూసుకుని, అధ్యాపకులు ఆనాటి తరగతిని అక్కడినుంచే ఎత్తుకోవచ్చు. తరగతి చివర "ఈరోజు అర్థంకాకుండా మిగిలిపోయిందేమిటి?" అని ఒక్క వాక్యం రాయించడం మరొకటి. తరగతి గదిలో ఎప్పుడూ చేయెత్తని విద్యార్థి కూడా అక్కడ రాస్తాడు. ముఖాలు చూసి ఊహించుకున్నదానికన్నా ఇది ఒక్కోసారి నికరమైన సమాచారం. కాకపోతే దాన్ని చదివి మర్నాడు జవాబు చెప్పకపోతే రెండో వారానికల్లా రాయడం మానేస్తారని అధ్యాపకులకు ముందే చెప్పండి.

ఇక గంటసేపటి రికార్డింగుల సంగతి. 2014లో ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ అనే పరిశోధకులు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సులకు సంబంధించి 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించారు. వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు దానిపై నిలిచే సమయం, మధ్యస్థంగా చూస్తే, ఆరు నిమిషాలకు మించలేదని తేల్చారు. ఈ మాటను పట్టుకుని ప్రతి పాఠాన్నీ ఆరు నిమిషాల ముక్కలుగా కోయమనేవారున్నారు. నేను ఆ పక్షం కాదు. వారు పరిశీలించినవి ఎవరైనా ఎప్పుడైనా చేరి, ఎప్పుడైనా మానుకోగలిగే ఉచిత కోర్సులు. డిగ్రీ కోసం చదివే విద్యార్థి పరిస్థితి వేరు. నాకు ఆ అధ్యయనంలో ఇంతకంటే ముఖ్యంగా తోచిన సంగతి మరొకటి ఉంది. తరగతిలో తీసిన రికార్డింగును ముక్కలు చేసి పెట్టినవాటికన్నా, ఆన్‌లైన్ కోసమే ఆలోచించి తీసినవాటిని విద్యార్థులు ఎక్కువసేపు చూశారు. స్లైడ్ల కన్నా, చేత్తో రాస్తూ గీస్తూ చెప్పినవి ఎక్కువ ఆకట్టుకున్నాయి. ఖరీదైన స్టూడియోలో తీసినవాటికన్నా, మాస్టారు తన బల్ల దగ్గర కూర్చుని ఎదుటివారితో మాట్లాడినట్టు చెప్పినవే నిలబడ్డాయి. స్టూడియో లేదని బెంగపడే యాజమాన్యానికి, కెమెరా ముందు బిగుసుకుపోయే అధ్యాపకులకు ఈ మాట చెబితే ఊపిరి పీల్చుకుంటారు.

కాబట్టి "వీడియో చిన్నది చేయండి" అని ఆజ్ఞాపించకుండా, గంట ఉపన్యాసాన్ని ఇద్దరూ కలిసి వినండి. మాస్టారు ఒక భావనను ముగించి ఊపిరి తీసుకుని మరొకదానికి వెళ్లే చోట్లు సహజంగానే ఉంటాయి. అక్కడ ఆపి, విద్యార్థి చేత ఏదైనా చేయించండి. ఒక లెక్క కావచ్చు, ఒక ఊహ కావచ్చు, ఒక పేరాను తన మాటల్లో తిరగరాయడం కావచ్చు. హాజరు పిలుపులు, నిరుడు చెప్పిన పరీక్ష తేదీలు, "వెనక వినపడుతోందా" అన్న ప్రశ్నలు తీసేసరికి గంటలో మిగిలేది ఎంతో చూసి మాస్టారే ఆశ్చర్యపోతారు. స్లైడు మీద ఉన్న వాక్యాలనే పైకి చదవడం మాత్రం మాన్పించండి. తెరపై బొమ్మతోపాటు అక్షరాలు, చెవికి అవే మాటలు ఏకకాలంలో వచ్చినప్పుడు నేర్చుకోవడం మెరుగుపడకపోగా కుంటుపడుతుందని మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు ఎన్నో చూపించాయి. బొమ్మ తెరమీద, వివరణ గొంతులో ఉంటే బాగుంటుంది. డబ్బు ఖర్చుపెట్టే వీలు కొంచెమే ఉంటే దానిని మంచి మైకు మీద పెట్టించండి. మసక బొమ్మను విద్యార్థులు సహిస్తారు గాని బొంగురు శబ్దాన్ని భరించలేరు.

సబ్జెక్టును బట్టి పద్ధతి మారుతుంది, ఇందులో మీ ఊహకు పని ఉంది. గణితం చెప్పేవారికి స్లైడ్లు శత్రువులు. నిలువు స్టాండుకు ఫోను బిగించి, కింద తెల్లకాగితం మీద వారు ఎప్పటిలాగే రాస్తూ చెప్పనివ్వండి. కొట్టివేతలు కూడా కనిపించనివ్వండి, ఎందుకంటే లెక్క ఎలా పుడుతుందో ఆ కొట్టివేతల్లోనే తెలుస్తుంది. భాషా సాహిత్యాలు చెప్పేవారికి విద్యార్థుల పఠనాన్ని ఆడియోగా తెప్పించుకుని, ఆడియోలోనే దిద్దుబాటు చెప్పడం రాతకన్నా తేలికగా ఉంటుంది. ప్రయోగశాల విషయంలో మాత్రం నిజాయితీగా ఉండండి. ప్రయోగం ఎలా రూపొందించాలి, వచ్చిన కొలతల్లో దోషాన్ని ఎలా లెక్కగట్టాలి అన్న భాగాలను అసలు కొలతలు ఇచ్చి ఆన్‌లైన్‌లో బాగానే నేర్పవచ్చు. పిపెట్ పట్టుకోవడం, సోల్డరింగ్ చేయడం, రోగిని తాకి పరీక్షించడం తెరమీద రావు. వాటికోసం కొన్ని రోజులపాటు విద్యార్థులను ప్రాంగణానికి రప్పించే ఏర్పాటు ఉండాలని అధ్యాపకుల తరఫున మీరే యాజమాన్యానికి రాయండి. "అన్నీ ఆన్‌లైన్‌లో వస్తాయి" అని వాదించే సహాయ విభాగాన్ని ఏ విజ్ఞానశాస్త్ర విభాగమూ నమ్మదు.

ప్రత్యక్ష తరగతి ఎంతసేపు ఉండాలన్న తగవు మీకు ఎలాగూ వస్తుంది. విద్యార్థుల డేటా ఖర్చును అంకెల్లో చూపించండి, వాదన త్వరగా ముగుస్తుంది. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున సాగే వీడియో గంటకు 450 మెగాబైట్లు తింటుంది. 64 కిలోబిట్ల ఆడియోకు అదే గంటకు 29 మెగాబైట్లు చాలు. అందుకని వివరణను ముందే రికార్డు చేసి, డౌన్‌లోడ్ చేసుకునే వీలుతో, వీడియోతోపాటు ఆడియోగానూ ఇవ్వాలి. అందరూ ఒకే సమయంలో కలిసే గడియలను ప్రశ్నలకు, జంటలుగా లెక్కలు చేయించడానికి, వాదోపవాదాలకు దాచుకోవాలి. కెమెరా వేసి తీరాలన్న నియమం పెట్టవద్దనే నా సలహా. ఎదురుగా దగ్గరగా కనిపించే ముఖాలు, ఎప్పుడూ తననే తాను చూసుకోవలసిరావడం, కదలకుండా కూర్చోవడం వీడియో సమావేశాల అలసటకు కారణాలని స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జెరెమీ బెయిలెన్సన్ 2021లో వాదించారు. ఒకే గదిలో అయిదుగురితో ఉండే విద్యార్థికి దీనిపైన బిడియమూ తోడవుతుంది. రికార్డింగులకు క్యాప్షన్లు పెట్టడం మరవకండి. యంత్రం తయారుచేసినవి సాంకేతిక పదాల దగ్గర తప్పుతాయి కాబట్టి, అధ్యాపకుల దగ్గర పదాల జాబితా తీసుకుని మీ విభాగమే సరిచూడాలి.

చర్చావేదికలు ఎందుకు పాడుపడతాయో మీరు చూసే ఉంటారు. "ఈ అధ్యాయంపై మీ అభిప్రాయం రాయండి" అంటే మొదటి నలుగురు రాసినదానికి మిగిలినవారు "చాలా బాగా చెప్పారు" అని తలూపుతారు. ఆరుగురి చొప్పున చిన్న బృందాలు చేసి, తేలకుండా మిగిలిన ఒక సమస్య ఇచ్చి, ఒకరు పక్షం వహించాలి, ఒకరు ఎదురు చెప్పాలి, ఒకరు చివర క్రోడీకరించాలి అని పాత్రలు పంచితే పరిస్థితి మారుతుంది. అధ్యాపకులు ప్రతి రాతకూ జవాబివ్వనక్కరలేదు. వారం చివర ఒక పేరాలో, ఫలానా బృందం ఈ మాట బాగా పట్టుకుంది, అందరూ ఈ అంశం వదిలేశారు అని రాస్తే చాలు. 2000లో గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన నమూనా ప్రకారం ఆన్‌లైన్ కోర్సు నిలబడాలంటే తోటివారు ఉన్నారన్న భావన, ఆలోచన జరుగుతోందన్న భావన, బోధించేవారు ఉన్నారన్న భావన మూడూ విద్యార్థికి కలగాలి. ఆ వారాంతపు పేరా మూడింటికీ కొంత ఆసరా.

పరీక్షల విషయంలో అధ్యాపకులు మీ దగ్గర ఒకే ఒక్క మాట అంటారు: "కాపీ కొడతారు." కొడతారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, ఇంటిదగ్గర రాసే వ్యాసాన్ని మాత్రమే నమ్ముకుని మార్కులు వేయడం ఇంకా కష్టమైంది. విద్యార్థి గదిని కెమెరాతో కాపలా కాసే సాఫ్ట్‌వేర్ కొనడానికి యాజమాన్యం ఉబలాటపడవచ్చు. దాని ఖర్చు, దానివల్ల అమాయకులు పడే యాతన, విద్యార్థుల్లో అది పుట్టించే అపనమ్మకం చూస్తే ముందు వేరే దారులు వెతకడం మేలనిపిస్తుంది. ఒకే పెద్ద పరీక్షకు మార్కులన్నీ కుప్పపోయకుండా సెమిస్టర్ పొడుగునా కొద్దికొద్దిగా పంచండి. రాసినదాని మీద ప్రతి విద్యార్థితో ఐదు నిమిషాలు మౌఖికంగా మాట్లాడే ఏర్పాటు చేయండి. తరగతి మరీ పెద్దదైతే ప్రతి అసైన్‌మెంటుకూ కొందరినే, ముందు చెప్పకుండా ఎంపిక చేసుకోవచ్చు. చిన్న క్విజ్‌ల వల్ల మరో లాభమూ ఉంది. 2006లో మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగాలలో, పాఠాన్ని మళ్లీ చదివినవారి కన్నా చదివినదాన్ని గుర్తుతెచ్చుకుని రాసినవారు వారం తరవాత ఎక్కువ గుర్తుంచుకున్నారు. క్విజ్ అంటే నిఘా అనుకునే అధ్యాపకులకు ఈ కోణం చూపించండి.

"మీరే పెట్టేయండి" అని పెన్‌డ్రైవ్ ఇచ్చేవారిని కాదనకండి, అలాగని తీసుకుని వెళ్లిపోకండి. మొదటివారం పాఠం మీరు పెడుతుంటే వారు పక్కన కూర్చోవాలి; రెండోవారం వారు పెడుతుంటే మీరు పక్కన కూర్చోవాలి; మూడోవారం మీరు ఫోనులో అందుబాటులో ఉంటే చాలు. ఈత నేర్పేవాడు నీళ్లలోకి దిగకా తప్పదు, చేయి వదలకా తప్పదు. సందేహాలు అడగడానికి జంకేవారు సాధారణంగా తమ దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థుల ముందు, జూనియర్ల ముందు తడబడడానికి సిగ్గుపడతారు. వారిని శిక్షణ హాలుకు పిలవకుండా, తలుపు వేసి ఉన్న వారి గదికే వెళ్లండి. శిక్షణ తరగతి మళ్లీ పెట్టాలనుకుంటే దానిని కూడా ఆన్‌లైన్ కోర్సుగానే, రెండు వారాలపాటు, గడువులతో అసైన్‌మెంట్లతో నడపండి. లింకు తెరుచుకోక, గడువు దాటిపోయి, చర్చలో తన రాతకు ఎవరూ జవాబివ్వక విద్యార్థి పడే అవస్థ ఒక్కసారి పడిన అధ్యాపకులకు, ప్రతివారం పాఠాన్ని ఒకేచోట, ఒకే వరుసలో ఎందుకు పెట్టాలో మీరు వేరే చెప్పనక్కరలేదు.

మీ లేఖలో లేని ఒక కారణం కూడా అడిగి చూడండి. తమ గొంతుతో, తమ ముఖంతో చేసిన రికార్డింగులు రేపు ఎవరి సొత్తు, వాటిని పెట్టుకుని తమ స్థానంలో మరొకరిని తక్కువ జీతానికి నియమిస్తారా అన్న అనుమానం చాలామందికి ఉంటుంది, పైకి చెప్పరు. సహకరించని వ్యక్తి మొండివాడని తీర్మానించే ముందు, రికార్డింగులను ఎవరు, ఎంతకాలం, ఏ షరతుల మీద వాడవచ్చో రాతపూర్వకంగా తెలపమని యాజమాన్యాన్ని అడగండి. కోర్సును ఆన్‌లైన్‌కు మార్చే సెమిస్టర్‌లో ఆ అధ్యాపకులకు ఒక తరగతి భారం తగ్గించమని కూడా అదే ఉత్తరంలో రాయండి. మీరు ఎంత తెలివైన సలహాలిచ్చినా, ఈ రెంటికీ జవాబు రాకపోతే పాత పీపీటీలే వస్తాయి.

ఇద్దరే కనుక అందరినీ ఒకేసారి చేరుకోలేరు. ఎక్కువమంది విద్యార్థులు ఉన్న కోర్సులలోంచి, చెప్పేవారికి కాస్తయినా ఆసక్తి ఉన్న నాలుగైదు ఎంచుకుని మొదలుపెట్టండి. కట్టిన మొదటివారం పాఠాన్ని విడుదలకు ముందు ఒక విద్యార్థి చేత, ఫోనులో, మీరు పక్కన మాట్లాడకుండా కూర్చుని చూస్తుండగా చేయించండి. తరగతులు మొదలైన మూడో వారంలో పేర్లు లేకుండా విద్యార్థుల అభిప్రాయం తీసుకుని, అందులో వెంటనే దిద్దగలిగిన ఒక్క సంగతిని దిద్దించండి. ఆ నాలుగైదు కోర్సుల అధ్యాపకులు తమ విభాగాల్లో చెప్పుకునే మాటకు ఉన్న బరువు మీ ప్రకటనలకు ఉండదు.

సీనియర్ ప్రొఫెసర్ గారి దగ్గరికి ఒప్పించడానికి వెళ్లకండి. ఆయన సబ్జెక్టులో తెరమీద చెప్పలేనిది ఏమిటో ఆయననే వివరించమని అడిగి, శ్రద్ధగా వినండి. మిగతా కోర్సులకు కూడా పనికొచ్చే హెచ్చరికలు అందులో దొరుకుతాయి. ఆ తరవాత, వీడియో ఊసెత్తకుండా, ఆయన నోట్సును చదవగలిగే పీడీఎఫ్‌గా మార్చి, ఒక్కో అధ్యాయానికి పది పన్నెండు నిమిషాల ఆడియో పరిచయం మాత్రం ఆయన చేత చెప్పించి, వారానికి ఒకసారి విద్యార్థులు ముందుగా పంపిన ప్రశ్నలకు ప్రత్యక్షంగా జవాబిచ్చే గంట ఒకటి ఏర్పాటు చేస్తామని చెప్పి చూడండి. మొదటి రెండు మూడు సమావేశాలలో లింకులు, మ్యూట్‌లు, హాజరు మీ సహోద్యోగి చూసుకుంటే, ఆయన చేయవలసిందల్లా ప్రశ్న విని జవాబు చెప్పడమే. దానికి కూడా ఆయన ఒప్పుకోకపోతే ఆ కోర్సును ఈ విడతలోంచి మినహాయించమని యాజమాన్యాన్ని కోరండి.